బురద గుహలో నడక: స్నేహితుల బృందానికి ఒక మార్గదర్శి

బురద గుహలోకి వెళ్ళే బృందం ముందుగా లెక్క వేసుకోవలసింది దూరాన్ని కాదు, సమయాన్ని. పొడి నేల ఉన్న గుహలో 20 నిమిషాల్లో దాటగలిగే మార్గం మోకాటిలోతు అడుసు ఉన్నచోట గంటకు పైగా పడుతుంది. ఆ గంటలో ఖర్చయ్యే ఓపిక పొడి గుహలో పూటంతా తిరిగినా ఖర్చు కాదు. వెళ్ళేటప్పటి ఉత్సాహంలో ఈ తేడా తెలియదు. తడిసి బరువెక్కిన బట్టలతో, అడుగున బురద పేరుకున్న గంబూట్లతో, దిగేటప్పుడు సరదాగా జారిన వాలునే మళ్ళీ పైకి ఎక్కవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తలు చాలావరకు ఆ తిరుగు ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. ఇదివరకే రెండు మూడు సులువైన గుహలు చూసి, ఇప్పుడు స్నేహితులతో కలసి కాస్త కష్టమైన గుహకు వెళ్ళాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. గుహలోకి ఎన్నడూ అడుగుపెట్టనివారు ఇటువంటిదాన్ని మొదటి గుహగా ఎంచుకోకూడదు. నిలువు బావుల్లోకి తాడు మీద దిగే విద్యను చదివి నేర్చుకోలేము కాబట్టి దాని జోలికి పోవడం లేదు.

బురద ఎక్కడిది, ఏం చెబుతుంది

పెద్ద గుహల్లో ఎక్కువ భాగం సున్నపురాయిలో ఏర్పడినవే. వాన నీరు నేలలోంచి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలుచని ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ పోతుంది గాని, రాతిలో కలిసి ఉన్న బంకమన్ను కరగదు, అడుగున మిగిలిపోతుంది. దీనికి తోడు వరదలు బయటినుంచి ఒండ్రును మోసుకొచ్చి, నీటి వేగం తగ్గినచోట వదిలిపెడతాయి. బంకమన్ను రేణువు పరిమాణం 2 మైక్రాన్లకు లోపు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు కంటే తక్కువ. అంత సన్నని రేణువుల మధ్య నీరు చిక్కుకుని ఉండడం వల్లనే అది అంతగా అంటుకుంటుంది, అంతగా జారుతుంది. కొన్ని రకాల బురదకు మరొక గుణం కూడా ఉంది. కదిలించనంతసేపు గట్టి నేలలా కనిపించి, నాలుగు అడుగులు పడేసరికి జావలా మారిపోతుంది. అందువల్ల బృందంలో మొదటివాడు సుఖంగా దాటిన చోట నాలుగోవాడు తొడలోతు దిగబడడం మామూలే. ముందువాడు దాటాడు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

బురద ఆ గుహ వరద చరిత్రను కూడా చెబుతుంది. నేల మీద ఎండి పెళ్ళలు కట్టిన మట్టి ఉంటే నీరు వచ్చి చాలా కాలమైందని అనుకోవచ్చు. మెరుస్తూ, నున్నగా, ఒక్క అడుగుజాడ కూడా లేకుండా ఉంటే ఈమధ్యనే నీరు వచ్చి పోయిందని అర్థం. తల పైకెత్తి చూడడం మరీ ముఖ్యం. పైకప్పు పగుళ్ళలో ఎండుటాకులు, పుల్లలు ఇరుక్కుని ఉన్నా, గోడల మీద మనిషి ఎత్తుకు మించి పలుచని బురద పూత కనిపించినా, వరద సమయంలో ఆ మార్గం నిండా నీరే ఉంటుంది. అటువంటి చోట కూర్చుని విశ్రాంతి తీసుకోకూడదు, భోజనం చేయకూడదు. దాటవలసి వస్తే త్వరగా దాటి, ఎత్తైన గది చేరాకే ఆగాలి.

ఈ కారణంగానే వాతావరణ సూచన చూడకుండా బురద గుహకు బయలుదేరకూడదు. గుహ ముఖద్వారం దగ్గర ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎగువన కురిసిన వాన భూగర్భ మార్గాల ద్వారా గుహకు చేరడానికి కొన్ని గంటలు పట్టవచ్చు కాబట్టి పరీవాహక ప్రాంతం మొత్తానికి సూచన చూడాలి, గడచిన వారంలో కురిసిన వానను కూడా లెక్కలోకి తీసుకోవాలి. నీరు తాగి నిండిన నేల మీద చిన్న జల్లు కూడా నేరుగా గుహలోకే దిగుతుంది. థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 2018 జూన్ 23న వెళ్ళిన 12 మంది బాలురు, వారి ఫుట్‌బాల్ శిక్షకుడు వెనుక మార్గం నీటితో మూసుకుపోయి చిక్కుకుపోయారు. వారి జాడ జూలై 2న గాని తెలియలేదు. అందరూ బయటపడేసరికి జూలై 10 అయింది. వారిని కాపాడే ప్రయత్నంలో ఒక గజ ఈతగాడు ప్రాణం కోల్పోయాడు. లోపల ఉండగా వాగు శబ్దం పెరిగినా, తేటగా ఉన్న నీరు మట్టిరంగుకు తిరిగినా, నురుగు, పుల్లలు కొట్టుకొస్తున్నా చర్చ అనవసరం. బయటికి పోయే దారి భద్రంగా ఉంటే వెంటనే బయలుదేరాలి, లేకపోతే వరద గుర్తులు లేని ఎత్తైన చోటికి చేరి నీరు తగ్గేదాకా కదలకుండా ఉండాలి. ఉరవడిగా వచ్చే నీటికి ఎదురు ఈదాలని ప్రయత్నించడం అన్నిటికంటే పెద్ద తప్పు.

బృందం, గడువు, బయట ఉండే మనిషి

కనీసం నలుగురు ఉండాలన్న నియమం వెనుక సరళమైన లెక్క ఉంది. ఒకరు గాయపడితే ఒకరు తోడుగా ఉండాలి, మిగిలిన ఇద్దరు కలసి సహాయం కోసం బయటికి వెళ్ళాలి. ఆరుగురికి మించితే ప్రతి ఇరుకు దగ్గర వెనుకవారు చలిలో నిలబడి ఎదురుచూడవలసి వస్తుంది, బురద కూడా మరింత జావగా మారుతుంది. ఒంటరిగా వెళ్ళడం గురించి అయితే 1925లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జరిగినది చాలు. ఫ్లాయిడ్ కాలిన్స్ ఎంతో అనుభవమున్న గుహాన్వేషకుడు. శాండ్ కేవ్ అనే గుహలోంచి ఒంటరిగా వెనక్కి వస్తుండగా సుమారు 12 కిలోల రాయి కాలి మీద పడి ఇరుక్కుపోయాడు. ఎత్తి పక్కన పెట్టగలిగే బరువే గాని, తన చేయి అక్కడికి అందలేదు. సహాయకులు సొరంగం తవ్వి రెండు వారాలకు పైగా గడిచాక చేరేసరికి ప్రాణం పోయింది.

బృందంలో ముందు నడిచేవారినీ చివర నడిచేవారినీ బయటే నిర్ణయించుకోవాలి. దారి తెలిసినవారు ముందుంటారు. అనుభవంలో రెండోవారు చివర ఉంటారు. కొత్తవారు, అందరికంటే భారీ కాయం ఉన్నవారు నడుమ ఉండాలి. ఇరుకులో చిక్కుకున్న మనిషికి రెండువైపులా చేతులు అందడం ఎంత అవసరమో అక్కడ చిక్కుకున్నప్పుడే తెలుస్తుంది. అందరి నడక వేగం బృందంలో నెమ్మదిగా నడిచేవారి వేగమే. వెనుకవారి దీపం కనిపించనప్పుడు ముందువారు ఆగాలి.

స్నేహితులతో వెళ్ళడంలో ఉన్న ఆనందం ఎంతో, ఇబ్బంది కూడా అంతే ఉంది. పరిచయం లేనివారి మధ్య "నా వల్ల కాదు" అని చెప్పడం తేలిక. స్నేహితుల మధ్య అలా చెప్పడానికి నామోషీ అడ్డు వస్తుంది. కాబట్టి బయలుదేరే ముందే ఒక ఒప్పందం చేసుకోవాలి. ఎవరైనా ఒక్కరు వెనక్కి వెళ్దామంటే కారణం అడగకుండా అందరూ వెనక్కి తిరగాలి, ఆ తరవాత నెల రోజుల పాటు ఆ విషయం మీద హాస్యాలు కూడా కూడదు. ఈ రెండో షరతు చిన్నదిగా కనిపిస్తుంది గాని, నా అనుభవంలో మొదటిదానికి ప్రాణం పోసేది అదే.

బయట ఉండే ఒక నమ్మకమైన మనిషికి ఏ గుహ, ఏ ద్వారం, ఎంతమంది, వాహనం ఎక్కడ నిలిపారు అన్న వివరాలు, ఏ గంటకు మీ నుంచి కబురు రావాలో, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఇవ్వాలి. రాతిలోంచి మొబైల్ సంకేతాలు రావు కాబట్టి లోపలినుంచి ఆ గడువును పొడిగించే అవకాశం ఉండదు. లోపల గడపదలచిన సమయాన్ని మూడు వంతులు చేసి, మొదటి వంతు పూర్తికాగానే ఎక్కడ ఉన్నా వెనక్కి తిరగడం మంచి పద్ధతి. ఆరు గంటల యాత్ర అనుకుంటే రెండు గంటలకు తిరుగుముఖం పట్టాలి. పొడి గుహలో ఇది మరీ పిరికి లెక్కగా అనిపించవచ్చు. బురద గుహలో మాత్రం ఆ మూడో వంతు మిగలడం అరుదు. గుహ ఎవరి ఆధీనంలో ఉందో వారి అనుమతి, దొరికితే గుహ పటం, ఈమధ్య వెళ్ళి వచ్చినవారి మాట, ఈ మూడూ ముందే సంపాదించుకోవాలి.

వెంట ఉండవలసినవి

గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్ తప్పనిసరి. పర్వతారోహణకు వాడేది సరిపోతుంది, మోటారు సైకిలుది పనికిరాదు. ఒక్కొక్కరి దగ్గర విడివిడిగా మూడు దీపాలు ఉండాలి. అందులో రెండు హెల్మెట్‌కు బిగించేవై ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి. బ్యాటరీలు మార్చడాన్ని ఇంట్లో చీకటి గదిలో, చేతి తొడుగులు తడిపి వేసుకుని సాధన చేయండి. చివరి మూత కిందపడితే ఆ బురదలో మళ్ళీ దొరకదన్న సంగతి అప్పుడు బోధపడుతుంది. లోపల దీపం మందగించినప్పుడు చాలామంది బ్యాటరీ అయిపోయిందనుకుంటారు. సగం సందర్భాల్లో కారణం అద్దం మీది బురదే. దాన్ని బురద తొడుగుతో తుడిస్తే గీతలు పడి అద్దం శాశ్వతంగా మసకబారుతుంది. చిన్న మెత్తని గుడ్డను జిప్ సంచిలో పెట్టి, హెల్మెట్ లోపలి పట్టీల మధ్య దాచుకుంటే, ఒళ్ళంతా బురదైనా ఆ ఒక్కటీ శుభ్రంగా ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకునేవారికి ఆ గుడ్డే గతి.

నూలు బట్టలు వద్దు. తడిస్తే అవి ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తాయి, త్వరగా ఆరవు. లోపల ఉన్ని లేదా ఫ్లీస్ దుస్తులు, పైన మెడ నుంచి మడమ దాకా ఒకటే ముక్కగా ఉన్న గట్టి సూట్ వేసుకోవాలి. చొక్కా, ప్యాంటు వేరువేరుగా ఉంటే పాకేటప్పుడు నడుము దగ్గర చేటెడు బురద లోపలికి చేరుతుంది. మోకాలి ప్యాడ్లు సూట్ లోపల వేసుకుంటే బురదలో జారిపోవు. పాదాలకు గంబూట్లే మేలు. లేసులున్న బూట్ల కొక్కేలు రాళ్ళ సందుల్లో చిక్కుకుంటాయి, ముడుల్లో బురద గట్టిపడితే విప్పడం దుర్లభం. పట్టు కోసం గట్టి రబ్బరు తొడుగులు, రెండో జత సంచిలో.

సంచి పొడుగ్గా, నున్నగా, పక్క జేబులు లేకుండా ఉండాలి. అందులో తాగునీరు, ప్రథమ చికిత్స సామగ్రి, రేకు దుప్పటి, బృందమంతా కూర్చోగల పలుచని గుడారపు గుడ్డ, ఈల, చదునైన పట్టీ తాళ్ళు, 10 నుంచి 15 మీటర్ల తాడు. ఆహారం ఒక చేత్తో చింపి, వేలు తగలకుండా నోట్లోకి నొక్కుకోగల పొట్లాల్లో ఉంటే మంచిది. కాలకృత్యాలకు మూత బిగించే సీసా, గట్టి సంచులు వెంట తీసుకెళ్ళి, అన్నిటినీ బయటికే తేవాలి.

బురదలో నడవడం

ఒకసారి మా బృందంలో నేను నడుమ నడుస్తూ, ముందువాడి అడుగులోనే అడుగు వేశాను. ఎడమ కాలు మోకాలు దాటి దిగిపోయింది. కంగారులో ఒక్క ఊపున పైకి లాగాను. కాలు వచ్చింది, మేజోడుతో సహా వచ్చింది, గంబూటు రాలేదు. నేను లాగిన గుంటలోకి చుట్టూ ఉన్న జావ జారి పూడిపోయింది. భుజం దాకా చేయి దింపి, బూటు అంచు వేళ్ళకు తగిలేసరికి పావుగంట, దాన్ని పైకి తెచ్చేసరికి మరో పావుగంట పట్టింది. ఆ అరగంటా మిగిలిన నలుగురు కదలకుండా నిలబడి వణికారు. ఆ రోజు మేము చూడదలచిన గది చూడకుండానే తిరిగి వచ్చాము. బూటు ఒక్కటే పోయినా యాత్ర అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే వట్టి కాలితో రాళ్ళ మీద తిరుగు ప్రయాణం చేయలేము.

కాలు దిగబడినప్పుడు పట్టి ఉంచేది బురద బరువు కాదు, పాదం కింద గాలి చొరబడలేని ఖాళీ. కాబట్టి బలంగా లాగేకొద్దీ పట్టు బిగుస్తుంది, పైగా ఆనించిన రెండో కాలు కూడా దిగుతుంది. చేయవలసినది వేరు. ముందుకు వాలి సంచి మీదనో మోచేతుల మీదనో బరువు వేయాలి. బూటు లోపల వేళ్ళను పైకి వంచి, బూటును పాదంతో బిగబట్టాలి. మడమను ఇటూ అటూ మెల్లగా కదిలిస్తూ, పిక్క పక్కన చేయి దింపి సందు చేస్తే, అందులోంచి గాలి, నీరు అడుగుకు చేరతాయి. గుటుక్కుమన్న చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు మడమ ముందు లేచేలా కాలిని వెనక్కి వంచి తీయాలి. స్నేహితుడు సాయం పట్టదలిస్తే చేయి పట్టి గుంజకుండా, తాను గట్టి నేల మీద నిలబడి పిక్క చుట్టూ తవ్వాలి.

అడుసు నేల దాటేటప్పుడు గోడ వారగా నడవడం సాధారణంగా మంచిది, అక్కడ రాయి లోతు తక్కువగా ఉంటుంది. చిన్న చిన్న అడుగులు, ఆగకుండా వేయాలి. నిలబడిపోతే దిగబడతాము. తొడలోతు మించేలా ఉంటే నడక మానేసి నాలుగు కాళ్ళ మీదనో, పొట్ట మీదనో పాకడం సిగ్గుపడవలసిన విషయం కాదు. బరువు ఎంత విశాలంగా పరుచుకుంటే నేల అంత బాగా మోస్తుంది.

వాలుల దగ్గర ఒకటే సూత్రం: ఎక్కగలమని రుజువు చేసుకోని వాలును దిగకూడదు. రెండు నిలువుల దూరం దిగి, అక్కడినుంచి మళ్ళీ పైకి ఎక్కి చూడండి. కష్టమనిపిస్తే తాడు కట్టకుండా కిందికి పోవద్దు. తాడుకు అర మీటరుకు ఒకటి చొప్పున ముడులు వేస్తే బురద చేతులకు పట్టు దొరుకుతుంది. ముడులు లేని బురద తాడు పాములా జారుతుంది. తాడును గుహలో భాగమైన పెద్ద రాతి స్తంభానికే కట్టాలి. బురదలో కూరుకున్న బండ ఎంత పెద్దదైనా నమ్మకూడదు, దాని అడుగున ఉన్నది కూడా జారుడు మన్నే. ఒకరు పూర్తిగా దిగి పక్కకు తప్పుకున్నాకే రెండోవారు తాడు పట్టుకోవాలి. దిగేటప్పుడు వాలు వైపు ముఖం పెట్టి, బూటు ముక్కుతో మెట్లు తన్నుకుంటూ దిగితే, అవే మెట్లు తిరుగు ప్రయాణంలో ఉపయోగపడతాయి. కూర్చుని జారితే ఆ వాలు నున్నగా తయారవుతుంది. నలుగురు స్నేహితులు సరదాగా నాలుగుసార్లు జారిన వాలును ఎక్కడానికి గంట పట్టిన సందర్భం నాకు తెలుసు.

ఇరుకు మార్గాలు

బురద ఉన్న ఇరుకులోకి లోపలికి పోవడం సులువు, బయటికి రావడం కష్టం. పోయేటప్పుడు బురద నూనెలా పనిచేస్తుంది. వచ్చేటప్పుడు వెనక్కి నెట్టుకోవడానికి కాళ్ళకు ఆనిక దొరకదు. కిందికి వాలిన ఇరుకు అయితే మన బరువే మనల్ని మరింత లోపలికి దింపుతుంది. అందువల్ల అవతల ఏముందో తెలియని, కిందికి దిగే సందులోకి తల ముందు పెట్టి ఎన్నడూ వెళ్ళకూడదు, కాళ్ళు ముందు పెట్టాలి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నట్టీ పట్టీ గుహలో 2009 నవంబరులో ఒక యువకుడు తెలిసిన మార్గమే అనుకుని మరొక సందులోకి తల ముందుగా దూరి, తలకిందులుగా ఇరుక్కున్నాడు. సహాయకులు పాదాల దాకా చేరగలిగినా, సుమారు 27 గంటల తరవాత అతను మరణించాడు. ఆ గుహను శాశ్వతంగా మూసివేశారు. మనిషి శరీరం ఎక్కువసేపు తలకిందులుగా ఉండడానికి తగినది కాదు. రక్తమంతా తల వైపు చేరి గుండె మీద భారం పడుతుంది.

సమతలంగా ఉన్న ఇరుకులో ఒక చేయి ముందుకు చాచి, రెండోదాన్ని నడుము పక్కన ఉంచితే భుజాల వెడల్పు తగ్గుతుంది. జేబులు ఖాళీ చేసి, సంచిని ముందుకు నెట్టడమో పాదానికి తాడుతో కట్టి ఈడ్చడమో చేయాలి. ఇరుక్కున్నామనిపిస్తే మొదటి పని కదలకుండా ఆగడం. కంగారులో ఊపిరి పెద్దగా పీలుస్తాము, ఛాతీ ఉబ్బుతుంది, రాయి మరింత బిగుస్తుంది. నిదానంగా ఊపిరి వదిలి, వదిలిన ఆ క్షణంలో వేలెడు దూరం వెనక్కి కదలాలి. చాలాసార్లు పట్టుకున్నది శరీరాన్ని కాదు, ముడత పడిన సూట్‌నో, బెల్టునో. వెనుకవారు తమ చేతులను మీ పాదాలకు ఆనిక ఇస్తే చాలు, కాళ్ళు పట్టి లాగవద్దు. ఇరుకును వెడల్పు చేయాలని బురద తవ్వడం కూడా వద్దు, పై రాళ్ళను నిలిపి ఉంచినది ఆ మట్టే కావచ్చు. నీటి అంచు పైకప్పును తాకినచోట యాత్ర ముగిసినట్టే.

చలి, గాలి, గబ్బిలాలు

లోతైన గుహలో ఉష్ణోగ్రత దాదాపు ఆ ప్రాంతపు సంవత్సర సగటుతో సమానంగా ఉంటుంది, ఋతువులతో పెద్దగా మారదు. చల్లని ప్రాంతాల్లో అది ప్రమాదకరం. వెచ్చని ప్రాంతాల్లో కూడా తడి ఒంటితో ఎక్కువసేపు కూర్చుంటే చలి పట్టక మానదు. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగుతుంది, తడి బురద పూసుకున్న శరీరం పరిస్థితి దానికి ఎంతో దూరంలో ఉండదు. వణుకు మొదటి లక్షణం. వేళ్ళు మొద్దుబారి క్లిప్ పెట్టుకోలేకపోవడం, మాట తడబడడం, నవ్వులాటలో ఉన్నవాడు ఉన్నట్టుండి మౌనంగా మారడం ఆ తరవాతివి. వణుకు తగ్గిపోతే కోలుకున్నారని అనుకోవద్దు, అది అన్నిటికంటే ప్రమాదకరమైన దశ. ఎవరిలోనైనా మొదటి లక్షణం కనబడగానే గుడారపు గుడ్డ కింద అందరూ దగ్గరగా, సంచుల మీద కూర్చుని, తిని, తాగి, పావుగంటలో తిరుగుముఖం పట్టాలి.

గాలి కదలని పల్లపు గదుల్లో కార్బన్ డయాక్సైడు పేరుకుంటుంది. బయటి గాలిలో అది సుమారు 0.04 శాతం. 3 శాతం దగ్గరకు వస్తే విశ్రాంతిగా ఉన్నా ఆయాసం, తలనొప్పి తెలుస్తాయి. శ్రమకు మించిన ఆయాసం ఇద్దరికి ఒకేసారి కలిగితే అనుమానించకుండా వచ్చిన దారినే పైకి పోవాలి. గబ్బిలాల పెంట ఎక్కువగా ఉన్న పొడి గదుల్లో దుమ్ము లేపితే హిస్టోప్లాస్మోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చు. యాత్ర తరవాత వారాల్లో జ్వరం, దగ్గు వస్తే వైద్యునికి గుహకు వెళ్ళిన సంగతి చెప్పాలి. నిద్రిస్తున్న గబ్బిలాల గుంపు కనిపిస్తే దీపం వాటి మీద వేయకుండా, మాట్లాడకుండా దాటాలి. పిల్లలను పెంచే కాలంలో, శీతాకాలపు నిద్రలో ఉన్న కాలంలో ఆ గుహకు వెళ్ళకపోవడమే న్యాయం.

ఎవరికైనా కాలు విరిగినా, తలకు దెబ్బ తగిలినా వారిని మోసుకుని బురద దాటించాలని చూడకండి. గాయపడినవారిని నేలకు తగలకుండా సంచుల మీద, తాళ్ళ మీద కూర్చోబెట్టి, రేకు దుప్పటి చుట్టి, ఒకరు తోడుండాలి. బయటికి వెళ్ళే ఇద్దరు గాయం వివరాలు, చోటు, సమయం రాసుకుని వెళ్ళాలి. అలసిన మనిషి జ్ఞాపకాన్ని నమ్మలేము.

బురద దాచుకున్నవి

బురద అడుగుజాడను పట్టి ఉంచుతుంది. ఎంతకాలం అంటే, ఫ్రాన్స్‌లోని ట్యూక్ డోదుబేర్ గుహలో బంకమన్నుతో మలచిన రెండు అడవిదున్నల బొమ్మలు సుమారు 14,000 ఏళ్ళ పాటు చీకటిలో నిలిచి 1912లో బయటపడ్డాయి. ఆ గుహ నేల మీద ఆనాటి మడమల గుర్తులు కూడా ఉన్నాయి. కాబట్టి ముందువారు నడిచిన బాట వదిలి, చెక్కుచెదరని బురద మీద కొత్త దారి వేయకూడదు. పైకప్పు నుంచి వేలాడే సున్నపు ఊడలు సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో సుమారు పదో వంతే పెరుగుతాయి. వాటిని బురద చేతితో తాకితే ఆ మరక మీదనే కొత్త పొర పేరుకుని శాశ్వతమవుతుంది. బురద అంటని తెల్లని ఊడలున్న గది ద్వారం దగ్గర తొడుగులు విప్పి, బూట్ల అడుగులు రాతికి గీకి, లోపలికి వెళ్ళాలా, ద్వారం నుంచే చూసి రావాలా అని ఆలోచించుకోండి. నేను ద్వారం నుంచి చూడడానికే మొగ్గుతాను. దారి గుర్తుల కోసం రంగులు పూయకుండా, ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి, వచ్చేటప్పుడు కనిపించే దృశ్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. అవసరమైతే మెరిసే పట్టీలు కట్టి, చివర నడిచేవారు వాటిని విప్పి తేవాలి.

బయటికి వచ్చాక

ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, ద్వారం దాటగానే పని పూర్తి కాదు. అందరినీ లెక్కపెట్టి, సిగ్నల్ దొరకగానే బయట ఎదురుచూసే మనిషికి కబురు చేయాలి. భోజనం, ఫోటోలు ఆ తరవాతే. ఈ ఒక్క ఫోన్ మరచిపోయి సహాయక బృందాన్ని అర్ధరాత్రి నిద్ర లేపినవారికి మరొకసారి అంత ఆదరణ దొరకదు.

ఇక తొక్కిన అడుసును కడుక్కోవాలి. అది ఎండేదాకా ఆగితే సిమెంటులా పట్టుకుంటుంది కాబట్టి తడిగా ఉండగానే గుహకు వెళ్ళే వాగులో కాకుండా వేరేచోట కడగాలి. 2006లో న్యూయార్క్ రాష్ట్రపు గుహలో మొదట కనిపించిన తెల్లముక్కు వ్యాధి ఉత్తర అమెరికాలో లక్షలాది గబ్బిలాలను చంపింది. దానికి కారణమైన శిలీంధ్రం ముఖ్యంగా గబ్బిలాల ద్వారానే వ్యాపించినా, మనుషుల బట్టలకు, బూట్లకు అంటిన మట్టితో కూడా ఒక గుహ నుంచి మరో గుహకు పోగలదు. అందువల్ల మట్టి పూర్తిగా పోయేలా కడిగాక, వేడికి తట్టుకునే సామగ్రిని కనీసం 55 డిగ్రీల సెల్సియస్ నీటిలో 20 నిమిషాలు ముంచి ఉంచాలి. అటువంటి వ్యాధి ఉన్న ప్రాంతంలో వాడిన సామగ్రిని అది లేని ప్రాంతానికి అసలు తీసుకెళ్ళకూడదు. తాడును మాత్రం చన్నీటిలో మెత్తని బ్రషుతో కడిగి, వేళ్ళ మధ్య అంగుళం అంగుళం జరుపుతూ చూసి, నీడలో ఆరవేయాలి. సన్నని ఇసుక రేణువులు తాడు లోపలికి చేరితే అవి దారాలను లోపలినుంచే కోస్తాయి. చివరగా దీపాల మూతలు విప్పి, రబ్బరు వలయం చుట్టూ చేరిన మట్టిని తడిగుడ్డతో తీసి, బ్యాటరీలు బయటపెట్టి, మూత తెరిచే ఉంచి ఆరనివ్వండి.